ఎవరి కంటా పడని దృశ్యాలు: చరిత్ర, భూవిజ్ఞాన పాఠాల్లో యానిమేషన్

భారత భూఫలకం అంటార్కిటికా పక్కనుంచి విడివడి, మడగాస్కర్‌ను వెనక వదిలి, మహాసముద్రం దాటుకుంటూ వచ్చి ఆసియాను ఢీకొని హిమాలయాలను పైకి లేపిన కథ ఇప్పుడు రెండు నిమిషాల యానిమేషన్‌గా ఏ ఫోన్లోనైనా దొరుకుతుంది. మౌర్యుల రంగు దేశపటమంతా పరుచుకుని, కాసేపటికి ముడుచుకుపోయి, ఆ చోటికి శాతవాహనుల రంగు వచ్చి చేరే కదిలే పటమూ దొరుకుతుంది. తరగతి గదుల్లోకి డిజిటల్ తెరలు వస్తున్నకొద్దీ ఇలాంటివి పాఠం చివర చూపించే అదనపు సరుకుగా కాక, పాఠంగానే మారిపోతున్నాయి. వీటిని వాడాలా వద్దా అన్న చర్చ దాదాపు ముగిసినట్టే. ఎలా వాడాలన్న చర్చ మాత్రం సరిగా మొదలుకాలేదు. చరిత్రకూ భూవిజ్ఞానానికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. రెండింటిలోనూ అసలు జరిగినదాన్ని ఇవాళ ఎవరూ చూడలేరు. మిగిలిన ఆనవాళ్ల నుంచి, అంటే రాయి, శిలాజం, శాసనం, నాణెం వంటివాటి నుంచి వెనక్కి ఊహించుకోవాల్సిందే. లోలకం గురించిన యానిమేషన్ తప్పయితే దారానికి రాయి కట్టి ఊపి ఆ తప్పు పట్టుకోవచ్చు. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి లావా ప్రవాహాన్నీ, రెండో శతాబ్దపు రాజ్యపు సరిహద్దునూ అలా సరిచూడటానికి తరగతిలో వీల్లేదు. కాబట్టి ఈ రెండు సబ్జెక్టుల్లో తెర మీద కదిలే ప్రతి బొమ్మా ఆధారాల మీద నిలబెట్టిన ఒక వాదన. దాన్ని వాదనగా తీసుకుని నిలదీసిన తరగతే నేర్చుకుంటుందనీ, దృశ్యంగా భావించి చూస్తూ కూర్చున్న తరగతికి అర్థమైందన్న తృప్తి తప్ప పెద్దగా ఏమీ మిగలదనీ నా అభిప్రాయం. బొమ్మలతో నేర్చుకోవడం గురించి నలభై, యాభై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధనలో చాలా భాగం కూడా ఇటువైపే చూపిస్తోంది.

ముందుగా యానిమేషన్‌కు దక్కాల్సిన గౌరవం దక్కనివ్వాలి. ఖండాలు కదిలాయని ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో ప్రతిపాదించి, 1915లో పుస్తకంగా రాసినప్పుడు ఆయన దగ్గరున్నవి కదలని పటాలే. ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరాల పొందికను, రెండు వైపులా దొరికే ఒకే రకం శిలాజాలను, రాతి పొరలను ఆయన చూపించారు. ఖండాలను కదిలించే శక్తి ఏదో చెప్పలేకపోయారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయేనాటికి ఆయన మాట నమ్మినవాళ్లు కొద్దిమందే. 1960లలో సముద్రగర్భపు అయస్కాంత చారల అర్థం తేలాకే ఫలకాల కదలిక సిద్ధాంతంగా స్థిరపడింది. ఆ తరం శాస్త్రవేత్తల్లో ఒకరైన తాన్యా ఆట్వాటర్, పశ్చిమ ఉత్తర అమెరికా అంచున ఫలకాలు ఒకదానికొకటి ఎలా రాసుకుంటూ పోయాయో, శాన్ ఆండ్రియాస్ భ్రంశం ఎలా పుట్టిందో వివరిస్తూ 1970లో రాసిన వ్యాసం భూవిజ్ఞానంలో ఒక మైలురాయి. తరవాతి కాలంలో ఆమె కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణంలో ఇవే సంగతులను విద్యార్థుల కోసం యానిమేషన్లుగా తీర్చడానికి ఏళ్లు వెచ్చించారు. ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. మూడు ఫలకాలు ఒకేసారి కదులుతున్నప్పుడు వాటి మధ్య సరిహద్దు ఎటు జరుగుతుందో, ఎక్కడ సాగుతుందో, ఎక్కడ మాయమవుతుందో మాటల్లో చెప్పబోతే వినేవాడికి నాలుగో వాక్యానికే తల తిరుగుతుంది. నేర్చుకోవాల్సిన విషయమే కాలంలో జరిగే మార్పు అయినప్పుడు, ఆ మార్పును కాలంలోనే చూపించడం న్యాయం.

అయితే బొమ్మ కదిలినంత మాత్రాన బుర్రలో పాఠం కదలదు. 2002లో బార్బరా ట్వెర్‌స్కీ, మరిద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను తిరగదోడారు. యానిమేషన్ గెలిచిందని చెప్పిన చాలా ప్రయోగాల్లో అసలు పోలికే సరిగా లేదని వాళ్లు తేల్చారు. యానిమేషన్‌లో ఉన్న సమాచారం కదలని బొమ్మల్లో లేదు, లేదా యానిమేషన్ చూసినవాళ్లకు తాకి, ఆపి, మార్చి చూసే వీలుంది, ఎదుటివాళ్లకు లేదు. 2005లో రిచర్డ్ మేయర్ బృందం మెరుపు పుట్టుక, సముద్రపు అలలు, కారు బ్రేకు, ఫ్లష్ ట్యాంకు అనే నాలుగు విషయాలను ఒక జట్టుకు వ్యాఖ్యానంతో కూడిన యానిమేషన్‌గానూ, మరో జట్టుకు కాగితం మీద వరస బొమ్మలూ వాక్యాలుగానూ ఇచ్చింది. చేసిన ఎనిమిది పోలికల్లో నాలుగింట కాగితమే గెలిచింది, మిగతా నాలుగింట తేడా లేదు. ఇక్కడితో ఆగితే యానిమేషన్ దండగ అనిపిస్తుంది. కానీ 2007లో హాఫ్లర్, లాయిట్నర్ అనే జర్మన్ పరిశోధకులు 26 అధ్యయనాల నుంచి 76 పోలికలను కలిపి లెక్కగట్టినప్పుడు మొత్తం మీద కదిలే బొమ్మలకే కొంత మొగ్గు కనిపించింది. ఆ మొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు సంగతి. నేర్చుకోవాల్సిన మార్పునే కదలికగా చూపించిన యానిమేషన్లు పనిచేశాయి. అందం కోసం, ఆకర్షణ కోసం పెట్టినవాటి వల్ల ప్రయోజనం కనిపించలేదు. పాఠ్య వీడియోల్లో సగం నిడివిని తినేసే కార్టూన్ తాతయ్యలూ, ఎగిరే అక్షరాలూ, మెరుపులూ ఈ రెండో కోవలోకే వస్తాయి.

కంటికి కదలిక ఎంత బలంగా తగులుతుందో, బుద్ధికి అంత బలంగా తగలదు. ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ లో వాతావరణ పటాల యానిమేషన్ల మీద ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఈ విషయాన్ని చాలా స్పష్టంగా చూపింది. వాతావరణ శాస్త్రం తెలియనివాళ్లు అలాంటి యానిమేషన్ చూసినప్పుడు వాళ్ల దృష్టి పెద్దగా, వేగంగా కదిలేవాటి మీదికే పోతుంది. శాస్త్రపరంగా ముఖ్యమైన నెమ్మది మార్పులు వాళ్లకు కనిపించనే కనిపించవు. ఇది మన ఇంటి సంగతే. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడగానే టీవీల్లో ఉపగ్రహ చిత్రాల కదలిక మొదలవుతుంది. తెల్లటి సుడి తిరుగుతూ తీరం వైపు రావడం అందరం చూస్తాం. ఎక్కడ తెలుపు ఉంటే అక్కడ ముప్పు, సుడి మధ్య భాగం ఎక్కడ తాకితే అక్కడే ఎక్కువ నష్టం అనుకుంటాం. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. పడమటికి కదిలే తుఫాను మన తీరాన్ని దాటేటప్పుడు దాని కుడి పక్క, అంటే ఉత్తరం వైపు, గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. ఎడమ పక్క గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. 1977 నవంబరు 19న తుఫాను కేంద్రం చీరాల వైపు తీరం దాటితే, ఉప్పెన మింగింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమను. సుడి తిరగడం చూపించే యానిమేషన్‌లోనే ఈ సత్యమంతా ఉంది. ఎవరూ వేలు పెట్టి చూపకపోతే మాత్రం వెయ్యిసార్లు చూసినా అది కనపడదు. బొమ్మను ఆపి, ఈ క్షణంలో మచిలీపట్నంలో గాలి ఎటు నుంచి ఎటు వీస్తోందని అడిగినప్పుడే పిల్లవాడి కళ్లు సుడి మీదనుంచి దాని అంచు మీదికి మళ్లుతాయి.

ఆపడం, అడగడం అనే రెండు పనుల విలువను పరిశోధనలు నేరుగానే కొలిచాయి. మేయర్, చాండ్లర్ 2001లో మెరుపు గురించిన రెండు నిమిషాల పైచిలుకు యానిమేషన్‌ను 16 ముక్కలు చేసి, ఒక్కో ముక్క తరవాత విద్యార్థి బటన్ నొక్కితేనే ముందుకు వెళ్లేలా పెట్టారు. ఆగకుండా చూసినవాళ్ల కన్నా ఇలా ఆగి చూసినవాళ్లు, నేర్చుకున్నదాన్ని కొత్త ప్రశ్నలకు అన్వయించడంలో మెరుగ్గా నిలిచారు. మేరీ హెగార్టీ బృందం 2003లో మరో కోణం చూపింది. బొమ్మను చూసి తరవాత ఏం కదులుతుందో ముందే ఊహించమని అడిగితే అవగాహన పెరిగింది. కదలని బొమ్మలతో సరిపెట్టినవాళ్ల కంటే యానిమేషన్ చూసినవాళ్లు ముందంజ వేయలేదు. హార్వర్డ్‌లో ఎరిక్ మాజూర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం యానిమేషన్ల గురించి కాదు, తరగతిలో చేసి చూపించే భౌతికశాస్త్ర ప్రయోగాల గురించి. అయినా అది ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. ప్రయోగాన్ని ఊరికే చూసినవాళ్లు అసలు చూడనివాళ్ల కంటే విషయాన్ని ఎక్కువగా అర్థం చేసుకోలేదు, ఏం జరుగుతుందో ముందు ఊహించి చూసినవాళ్లు అర్థం చేసుకున్నారు. భూభ్రమణం, ప్రపంచ కాలమండలాల గురించి ష్నోట్జ్, రాష్ 2005లో చేసిన అధ్యయనంలో హెచ్చరిక ఇంకా స్పష్టంగా ఉంది. కొన్ని రకాల ప్రశ్నల్లో, అప్పటికి విషయం తక్కువ తెలిసిన విద్యార్థులకు కదిలే బొమ్మల కన్నా కదలని బొమ్మలే ఎక్కువ ఉపయోగపడ్డాయి. మనసు చేయాల్సిన కసరత్తును తెరే చేసిపెట్టడం దీనికి కారణమని వాళ్లు వివరించారు. వెనకబడిన పిల్లల కోసమే యానిమేషన్ అనే సాధారణ నమ్మకాన్ని ఈ ఫలితం ఒకసారి ఆలోచించుకోమంటోంది.

ఇక భూవిజ్ఞానంలో యానిమేషన్ దాచేసేవాటిలో మొదటిది కాలమే. 13 కోట్ల ఏళ్ల భారత ప్రయాణాన్ని 130 సెకన్లలో చూపిస్తున్నామనుకుందాం. ఒక సెకను అంటే పది లక్షల ఏళ్లు. సెకనుకు 24 చట్రాలు ఉంటే, ఒక్కో చట్రానికి దాదాపు 42 వేల ఏళ్లు. మన మానవజాతి పుట్టుక నుంచి నేటిదాకా సాగిన మూడు లక్షల ఏళ్లు ఏడు చట్రాల్లో, సెకనులో మూడో వంతులో అయిపోతాయి. వ్యవసాయం, హరప్పా, అమరావతి, హైదరాబాదు, ఈ వాక్యం చదువుతున్న క్షణం అన్నీ కలిపి చిట్టచివరి చట్రంలో ఒక మూల. ఈ లెక్క పిల్లలతోనే వేయించకపోతే, ఖండం పడవలా తేలుతూ వచ్చి గుద్దుకుందన్న బొమ్మే వాళ్ల మనసులో నిలిచిపోతుంది. ఫలకం అత్యంత వేగంగా కదిలిన రోజుల్లో కూడా ఏడాదికి 15 నుంచి 18 సెంటీమీటర్లు కదిలింది. ఇప్పుడు ఏటా 5 సెంటీమీటర్ల దాకా ఈశాన్యం వైపు జరుగుతోంది. అరవై ఏళ్లు బతికిన మనిషి తన పొలంతో, ఇంటితో సహా మూడు మీటర్లు ప్రయాణిస్తాడన్నమాట. ఇది ఊహించి చెప్పిన లెక్క కాదు, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఉన్న జీపీఎస్ కేంద్రం వంటివాటితో కొలిచి చెప్పినది. యానిమేషన్‌ను ఆపి ఈ కొలతను దాని పక్కన పెట్టినప్పుడు తెర మీది కదలిక కథలోంచి భూమి మీదికి దిగుతుంది. రంగు చేసే మోసం కూడా ఉంది. ఫలకాల కింద ఉండే మాంటిల్‌ను దాదాపు ప్రతి వీడియోలోనూ మండే ఎరుపుతో, మరిగే ద్రవంలా చూపిస్తారు. అందువల్ల ఖండాలు లావా సముద్రం మీద తేలుతున్నాయని ఎంతోమంది విద్యార్థులు అనుకుంటారు. మాంటిల్ దాదాపు అంతా ఘనమైన రాయి. కోట్ల ఏళ్ల వ్యవధిలో మాత్రమే అది మెల్లగా పారుతుంది.

ఎత్తుల విషయంలోనూ ఇదే జరుగుతుంది, ఇక్కడ పొరపాటుకు ప్రాణాల ఖరీదు ఉంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. రెండు గంటల తరవాత బంగాళాఖాతం మీదుగా వెళ్లిన జేసన్-1 ఉపగ్రహం నడిసముద్రంలో సునామీ ఎత్తును సుమారు 60 సెంటీమీటర్లుగా కొలిచింది. నాలుగు కిలోమీటర్ల లోతున్న సముద్రంలో సునామీ గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కానీ దాని ఎత్తు నడుము దాటదు, పొడవు వందల కిలోమీటర్లు. ఉన్నదున్నట్టు గీస్తే తెర మీద ఏమీ కనిపించదు కనుక యానిమేషన్ చేసేవాళ్లు ఎత్తును విపరీతంగా పెంచి గీస్తారు. అందులో తప్పు లేదు, పెంచామని చెప్పకపోవడమే తప్పు. నీటిగోడ సముద్రమంతా దాటి వస్తుందని నమ్మిన పిల్లవాడు ఒడ్డున నిలబడి ఆ గోడ కోసమే దూరంగా చూస్తాడు. తీరం దగ్గర నీళ్లు ఉన్నట్టుండి వెనక్కి పోవడం కూడా సునామీ గుర్తేనని అతనికి తట్టదు. 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం ఏర్పాటైంది. హెచ్చరిక అందుకున్నవాడు దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు అతని మనసులోని సునామీ బొమ్మ సరైనదై ఉండాలి.

కాలం, రంగు, ఎత్తు సరిచేయగలిగినవి. వీటికన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. అది తెలిసినదానికీ ఊహించినదానికీ ఒకే గీత గీయడం. భారత ఫలకపు ఉత్తరపు అంచు హిమాలయాల కిందికి, టిబెట్ కిందికి పోయి నలిగిపోయింది. అది ఒకప్పుడు ఎంత దూరం ఉండేదో మిగిలిన ఆనవాళ్లను బట్టి అంచనా వేయాల్సిందే, ఆ అంచనాలు శాస్త్రవేత్తను బట్టి మారుతున్నాయి. ఢీకొన్నది సుమారు ఐదు కోట్ల ఏళ్ల కిందటని పాఠ్యపుస్తకం చెబుతుంది గానీ, ఆరు కోట్ల ఏళ్లని వాదించేవాళ్లూ, అంతకన్నా చాలా తరవాతని వాదించేవాళ్లూ ఉన్నారు. యానిమేషన్‌లో మాత్రం ఆ అంచు కన్యాకుమారి తీరమంత గట్టిగా కనిపిస్తుంది. రాజమండ్రి చుట్టుపక్కల కాతేరు, పంగిడి క్వారీల్లోని నల్లరాతి కథ ఇంకా ఆసక్తికరం. అవి దక్కన్ లావా కాలానివే, అంటే సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లనాటివి. రాళ్ల రసాయన గుణాలు, వయసు, అయస్కాంత గుర్తులు మహాబలేశ్వర్ వైపు లావాలతో సరిపోవడం చూసి, అక్కడి లావాయే పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడికి చేరిందని 2008లో ఒక పరిశోధక బృందం వాదించింది. అదే నిజమైతే భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి. కాదు, ఇక్కడే దగ్గర్లో పగుళ్ల నుంచి ఉబికిందన్న అభిప్రాయమూ ఉంది. ఈ రెండింటికీ రెండు యానిమేషన్లు చేసి, ఏది నిజమైతే రాళ్లలో ఏమేం దొరకాలో చెప్పమని తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగితే, అంతకు మించిన భూవిజ్ఞాన పాఠం నాకు తోచదు. అందులో కదలిక కన్నా ఆ ప్రశ్న ఎక్కువ నేర్పుతుంది, కానీ కదలిక లేకపోతే ఆ ప్రశ్న పిల్లలకు అందదు.

చరిత్రలోనూ సరిగ్గా ఇదే గీత సమస్య. కదిలే రాజకీయ పటాల్లో శాతవాహన రాజ్యం ఒక ఏడాది పుడుతుంది, రంగు నిండుతుంది, తరిగిపోతుంది. వాళ్ల పాలన ఎప్పుడు మొదలైందన్న దాని మీదే చరిత్రకారుల్లో రెండు బలమైన పక్షాలున్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దమని ఒక పక్షం, ఒకటో శతాబ్దమని మరో పక్షం. మన దగ్గరున్నవి కోటిలింగాలలో దొరికిన తొలి నాణేలు, పురాణాల వంశావళులు, నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ తన కొడుకును కీర్తిస్తూ వేయించిన శాసనం వంటివి. ఆ శాసనం ఆ కొడుకు, అంటే శాతవాహన రాజు గౌతమీపుత్రుడు, ఏలిన దేశాల పేర్లు చెబుతుంది. తల్లి చెప్పిన ప్రశస్తిని సర్వే రాళ్లు పాతిన సరిహద్దుగా మార్చి రంగు పూయడం చరిత్ర అనిపించుకోదు. అశోకుడి విషయంలోనూ అంతే. ఎర్రగుడి, రాజుల మందగిరి శాసనాలు ఆయన మాట ఇక్కడిదాకా చేరిందని రుజువు చేస్తాయి. వాటి మధ్యనున్న ప్రతి అడవీ, ప్రతి పల్లే పాటలీపుత్రం అధికారంలో ఉన్నాయని రుజువు చేయవు. పురాతన రాజ్యాలను రంగు నింపిన ముద్దలుగా కాక కేంద్రాలు, వాటిని కలిపే దారుల వలలుగా పటంలో చూపాలని పురావస్తు శాస్త్రవేత్త మోనికా స్మిత్ 2005లో వాదించారు. మౌర్య సామ్రాజ్యంలో కేంద్రానికీ అంచులకూ మధ్య అధికారం ఒకే తీరుగా లేదని చరిత్రకారిణి రొమిలా థాపర్ కూడా రాశారు. యానిమేషన్ ఈ వాదనకు ఎదురు కానక్కర్లేదు. పైగా శాసనం దొరికిన చోట చుక్క, నాణేలు దొరికిన చోట మరో చుక్క, కాలంతో పాటు వెలిగి ఆరిపోతుంటే, రాజ్యమనేది ఎలాంటి ఆధారాల మీద కట్టిన భావనో రంగు ముద్ద కంటే బాగా తెలుస్తుంది.

అలాంటిది ఒకటి ఇప్పటికే ఉంది. 2015లో అమెరికన్ పత్రిక స్లేట్, అట్లాంటిక్ బానిస వ్యాపారం మీద రెండు నిమిషాల యానిమేషన్ ప్రచురించింది. 315 ఏళ్లు, 20,528 ఓడ ప్రయాణాలు. ఒక్కో ఓడకు ఒక్కో నల్లచుక్క, ఆఫ్రికా తీరం నుంచి సముద్రం దాటి అటు బ్రెజిల్‌కు, కరీబియన్ దీవులకు, ఉత్తర అమెరికాకు. మొదట ఒకటీ అరా, పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి సముద్రం మీద చీమలబారులా. బానిసల్లో అత్యధికులు బ్రెజిల్‌కు, కరీబియన్‌కు చేరారనీ, నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చేరినవాళ్లు అందులో చిన్న భాగమేననీ చూసేవాళ్లకు ఏ వాక్యం లేకుండానే అర్థమవుతుంది. చరిత్రకారులు దశాబ్దాల పాటు ఓడల దస్త్రాల నుంచి కూర్చిన సమాచారం దీనికి పునాది. యానిమేషన్‌ను ఆపి ఒక చుక్కను నొక్కితే ఆ ఓడ వివరాలు తెలుసుకోవచ్చు. ఇక్కడ కదలికకూ ఆధారానికీ మధ్య తెగని దారం ఉంది. చుక్కల మీద కన్ను నిలిచిన పిల్లవాడు, ఆ చుక్క ఒక ఓడ అని, ఓడలో వందల మంది మనుషులని, వాళ్ల పేర్లు చాలావరకు ఎక్కడా నమోదు కాలేదని గ్రహించే వీలు కల్పించింది ఆ దారమే.

ఆ దారం లేని యానిమేషన్ ఎంత బలమైనదో వందేళ్ల కిందటే తేలింది. 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి దాడిలో లుసిటానియా ఓడ మునిగి దాదాపు 1,200 మంది చనిపోయారు. అక్కడ కెమెరా లేదు. 1918లో కార్టూనిస్టు విన్సర్ మెక్కే సుమారు 25 వేల బొమ్మలు గీసి ఆ ఘోరాన్ని యానిమేషన్ చిత్రంగా తీశారు. వార్తాచిత్రంలా మలిచిన ఆ సినిమా అప్పటికే యుద్ధంలో ఉన్న అమెరికాలో జర్మనీ మీద కోపం రగిలించడానికి తీసినది. ఆయన దుఃఖం అబద్ధమని నేను అనను. ఎవరూ చిత్రించని సంఘటనను జనం కళ్లారా చూసిన అనుభూతితో బయటికి వచ్చారన్నది ముఖ్యం. నేటి సాధనాలతో అదే పని వెయ్యి రెట్లు నమ్మశక్యంగా, ఒక్క మధ్యాహ్నంలో చేయొచ్చు. రాజుల యుద్ధాలనూ, మతాల మధ్య ఘర్షణలనూ అలా చూపించే వీడియోలు పిల్లల చేతికి ఇప్పటికే అందుతున్నాయి. దానికి విరుగుడు వీడియోలను నిషేధించడం కాదు. బడిలో చూపించే ప్రతి యానిమేషన్‌కూ ఇది ఎలా తెలిసిందన్న ప్రశ్న వేయడం అలవాటు చేస్తే, బడి బయట చూసేవాటికీ పిల్లలు ఆ ప్రశ్న వేస్తారు.

వారసత్వ కట్టడాలను కంప్యూటర్‌లో పునర్నిర్మించేవాళ్లు ఈ నియమాన్ని తమకు తామే పెట్టుకున్నారు. 2006లో రూపొందిన లండన్ చార్టర్, ఆధారమున్న భాగాన్నీ ఊహించిన భాగాన్నీ చూసేవాడికి తేడా తెలిసేలా ఉంచాలనీ, ప్రతి నిర్ణయానికీ కారణం నమోదు చేయాలనీ కోరింది. తెలుగునాట దీన్ని పరీక్షించుకోవడానికి అమరావతి మహాస్తూపం కంటే మంచి చోటు లేదు. బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1790ల చివర చూసి, మళ్లీ 1816 తరవాత తన సర్వేయర్లతో బొమ్మలు గీయించేనాటికే దిబ్బ నుంచి రాళ్లు తరలిపోతున్నాయి, నడిమధ్యలో చెరువు తవ్వారు. వాల్టర్ ఇలియట్ 1845లో మరికొన్ని శిల్పాలు వెలికితీశారు. వాటిలో ఎన్నో ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ ఉన్నాయి. స్తూపం లేదు, కానీ స్తూపం తన బొమ్మను తానే మిగుల్చుకుంది. స్తూపపు గుండ్రటి అడుగుభాగానికి తాపడం చేసిన ఫలకాల మీద అప్పటి శిల్పులు స్తూపాన్నే చెక్కారు. వేదిక, సింహాలున్న ద్వారాలు, ఐదేసి ఆయక స్తంభాలు, అండం, అంటే గుమ్మటం, మీది శిల్పాలు అన్నీ అందులో కనిపిస్తాయి. శిల్పి భక్తితో ఎంత పెంచి చెక్కాడో, ఉన్నది ఎంతో తేల్చాలి. అండం ఎత్తు మీద పండితులు ఏకీభవించరు. దీన్ని యానిమేషన్‌గా కడితే, మ్యూజియంలో నేటికీ ఉన్న రాయి ఒక రంగులో, మెకంజీ బొమ్మల్లో మాత్రమే మిగిలిన రాయి మరో రంగులో, శిల్ప ఫలకాన్ని చూసి ఊహించినది సన్నటి గీతలతో రావాలి. మెరిసే పాలరాతి భవనంగా ఒక్కసారిగా లేచి నిలిచే స్తూపం కంటే ఇది కంటికి తక్కువ ఇంపుగా ఉండొచ్చు. కానీ ఆ స్తూపాన్ని పోగొట్టుకున్న తీరు, తిరిగి తెలుసుకున్న తీరు రెండూ ఇందులోనే ఉంటాయి. నాగార్జునసాగర్ నీటి కిందికి వెళ్లిన నాగార్జునకొండ లోయకూ ఇలాంటిది కావాలి. 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాల దస్త్రాలు దానికి సరిపడా ఉన్నాయి.

పదమూడేళ్ల పిల్లలకు ఇన్ని అనుమానాలు చూపిస్తే గందరగోళపడతారని కొందరు ఉపాధ్యాయులు అంటారు. పరీక్షలో ఒకే జవాబు రాయాలి కదా అన్నది దాని వెనకున్న న్యాయమైన బెంగ. కానీ అనుమానం చూపడం అంటే ఏదీ తెలియదనడం కాదు. ఫలకాలు కదిలాయన్నది రుజువైన సంగతి, ఉత్తరపు అంచు ఎక్కడుందన్నది ఇంకా తేలని సంగతి. ఈ రెండింటినీ విడదీసి చెబితే మొదటిదాని మీద నమ్మకం పెరుగుతుంది. అన్నీ ఒకే గట్టితనంతో చెప్పిన పాఠం, ఒక చిన్న వివరం మారినప్పుడు మొత్తంగా కూలిపోతుంది. రెండో అభ్యంతరం ఆసక్తి గురించి. పిల్లలు బొమ్మలు కదిలితేనే కళ్లు తెరుస్తారు, ఆ మాత్రం చాలదా అని. ఆసక్తి అవసరమే. తెరచిన కళ్లకు ఆ తరవాత పని ఇవ్వకపోతే ఆసక్తి వీడియోతో పాటే అయిపోతుంది, పైగా పాఠం తెలిసిపోయిందన్న భ్రమ మళ్లీ పుస్తకం తెరవకుండా అడ్డుపడుతుంది.

మూడో అభ్యంతరం నాకు అన్నింటికన్నా బరువైనదిగా కనిపిస్తుంది. సమయం లేదు, సిలబస్ పూర్తి చేయాలి, ఒక్కో వీడియోను మూడుచోట్ల ఆపుతూ కూర్చుంటే పీరియడ్ చాలదు. నిజమే. అందుకే తక్కువ యానిమేషన్లు చూపాలి. మెరుపు, బ్రేకు వంటి వాటిలో వరస బొమ్మలే చాలని తేలినప్పుడు, నల్లబల్ల మీద నాలుగు గళ్లు గీసి చెప్పగలిగినదానికి తెర వెలిగించనక్కర్లేదు. అగ్నిపర్వతం నిలువుకోత, రాతి పొరల వరస, కోట నిర్మాణ పటం కూడా ఇలా కదలిక అవసరం లేనివే. మార్పే విషయమైన చోట, అదీ కంటికి అందని మార్పైన చోట, ఒక్క యానిమేషన్‌కు పూర్తి పీరియడ్ ఇవ్వాలి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు నాసా ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి, పొద్దున్నే పిల్లల కోసం తెలుగులోనూ పాఠాలు వచ్చేవి. ఆ ప్రసారం వచ్చినప్పుడు చూడాల్సిందే, టీచరు దాన్ని ఆపలేరు, వెనక్కి తిప్పలేరు. నేటి ఉపాధ్యాయుడి చేతిలో ఆ శక్తి ఉంది. ఇన్నాళ్లకు వచ్చిన అసలైన మార్పు తెర పెద్దదవడం కాదు, అది ఆగమంటే ఆగడం.

తెర లేని బడుల మాట కూడా చెప్పాలి. జీప్లేట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫలకాలను కోట్ల ఏళ్లు వెనక్కి జరిపి చూడొచ్చు, కంప్యూటర్ ఉన్న బడిలో పదో తరగతి పిల్లలు దాన్ని నేర్చుకోగలరు. అది లేని చోట పాత నోటుపుస్తకాల కాగితాలు చాలు. పదమూడు కాగితాల మీద, కోటి ఏళ్లకొకటిగా, భారత ఫలకం ఎక్కడుందో పిల్లలే అట్లాసు చూసి గీసి, కట్ట కట్టి వేలితో విదిలిస్తే అదీ యానిమేషనే. గీసేటప్పుడే ఉత్తరపు అంచు దగ్గర పెన్సిల్ ఆగుతుంది. ఇక్కడ గీత ఎక్కడ గీయాలి సార్ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ గీతను చుక్కలు చుక్కలుగా గీయమని చెప్పి, ఎందుకో వివరించడానికి ఉపాధ్యాయుడికి తెలియాల్సిన విషయాలు రెండు పేజీలకు మించవు. వాటిని తెలుగులో రాసి ప్రతి వీడియోతో పాటు ఇచ్చే బాధ్యత ఆ వీడియోలు తయారుచేయించే విద్యాశాఖలదీ, అమ్మే కంపెనీలదీ.